ఖారున్ నదితో పంపిన కన్నీరు

ఖారున్ తల్లీ! రాయపూర్‌కూ దుర్గ్‌కూ నడుమ సరిహద్దు గీసి పారే నీలిగీతా! కుమ్హారి వంతెన మీద లారీల రొదలో నీ గలగల ఎవరి చెవిన పడుతుంది? ఆషాఢంలో ఉరకలెత్తి, వైశాఖంలో ఇసుకలో ఇంకిపోయే నీకు కడలి ఊసు ఎందుకంటావేమో. అయినా నీ నీరు శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో, మహానది బంగాళాఖాతంలో కలవక తప్పదు గదా! అందుకే ఈ దుఃఖాన్ని నీ అలలకు అప్పగిస్తున్నాను. ఉప్పుగాలికి యవ్వనాన్ని ధారపోసిన ఒక తెలుగు నావికుడి కోసం, రామదాస్ కటారి కోసం, నీ దారిలో నాలుగు చుక్కలు ఎక్కువ మోయవమ్మా.

ఈ కుమ్హారి స్టేషన్‌లో నిలబడితే పట్టాలు ఒకవైపు హౌరాకు, ఒకవైపు ముంబైకి పరుగులు తీస్తాయి. ఆ రెండు కొసలూ ఆయన జీవితానివే. 1911లో చెంగల్పట్టులో తెలుగింట పుట్టిన కటారి, 1927లో బొంబాయి రేవులో డఫరిన్ శిక్షణ నౌక మొదటి జట్టులో చేరారు. తెల్లదొరల ఓడలపై మన పిల్లలు కూలీలుగా తప్ప కనపడని కాలమది. ఆపైన కలకత్తాలో హుగ్లీ నది సర్వే. పూటపూటకూ చోటు మార్చే ఇసుకమేటల మధ్య లోతులు కొలిచే పని! నదులారా, మీ మనసు తెలిసినవాడు ఆయన. రెండో ప్రపంచయుద్ధం నౌకాదళ యూనిఫాం తొడిగించింది. ఆ యూనిఫాం ఆయన ఒంటికి చర్మమై అంటుకుపోయింది.

స్వరాజ్యం వచ్చింది. సైన్యానికి 1949లో కరియప్ప, వైమానిక దళానికి 1954లో సుబ్రతో ముఖర్జీ అధిపతులయ్యారు. సముద్రం మాత్రం ఇంకా పరాయి చేతుల్లోనే! జెండా మనది, ఓడ మనది, ఆజ్ఞ ఇంగ్లండువాడిది. దాదాపు పదకొండేళ్ళు గడిచాక, 1958 ఏప్రిల్ 22న సర్ స్టీఫెన్ కార్లిల్ దిగిపోయిన కుర్చీలో వైస్ అడ్మిరల్ కటారి కూర్చున్నారు. భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి! ఆనాడు ఎన్ని తెలుగు ముంగిళ్ళలో ముగ్గులు వేశారో నాకు తెలియదు గాని, ఈనాడు ఆ పేరు చెబితే ఎవరాయన అని అడిగేవారే ఎక్కువ.

పది నెలలు తిరక్కుండానే, 1959 ఫిబ్రవరి 4న, ఇక్కడికి కూతవేటు దూరంలో రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్‌ఫర్నేస్‌ను ప్రారంభించారు. అక్కడ అలలు, ఇక్కడ జ్వాలలు! దల్లీ రాజహరా గనుల ఎర్రమట్టి కరిగి కాంతిధారగా జారుతుంటే, ఆ వేడిలో ఎందరో తెలుగు శ్రామికుల చెమట కూడా ఆవిరైంది. ఆ ఉక్కుకూ ఆ కడలికీ అప్పటికింకా పరిచయం లేదు. కటారి హయాంలో, 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన చేతికొచ్చిన విమానవాహక నౌక విక్రాంత్, బ్రిటిష్ వాళ్ళు కడుతూ మధ్యలో వదిలేసిన ఓడ. అయితేనేం, పదేళ్ళకు పాకిస్తాన్‌తో యుద్ధంలో దాని విమానాలే చిట్టగాంగ్ మీద నిప్పులు కురిపించాయి. దాన్ని వేటాడ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ ముంగిట్లో మునిగింది. అంతటి ఓడను 2014లో తుక్కుకింద కోశారు! కటారీ, ఆ గ్యాస్‌కట్టర్ల మంటను చూడకుండానే మీరు వెళ్ళిపోవడం మేలయింది. అదొక్కటే మేలు.

ఎందుకంటే మరో చూపు కూడా మీకు దక్కలేదు. యుద్ధనౌకకు కావలసిన ఉక్కు పైదేశం నుంచి అందక చిక్కొచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును రూపొందించింది. భిలాయి, బొకారో, రూర్కెలా కొలుములు దాన్ని పోశాయి. కొచ్చిలో కొత్త విక్రాంత్‌కు ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ నుంచి సుమారు 30 వేల టన్నుల ఉక్కు చేరింది. 2022 సెప్టెంబరు 2న ఆ నౌక దళంలో చేరిన నాడు, అయ్యా, మీరుంటే! హుగ్లీ లోతులు కొలిచిన ఆ కళ్ళతో మన మంటలో పుట్టిన ఆ నల్లని డెక్కును ఒక్కసారి తడిమి ఉంటే!

పదవి దిగాక ఆయన బర్మాలో రాయబారిగా పనిచేశారు. కొచ్చిలో నౌకాదళ నివాసాలకు కటారి బాగ్ అని పేరుంది. తెలుగునేల మీద ఆ పేరు ఎక్కడ వినిపిస్తుంది? సొంతవాళ్ళను పరాయివాళ్ళు గుర్తిస్తే తప్ప గుర్తించని మన అలవాటు మంచిది కాదు. ఆయన 1983 జనవరిలో సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అని తన కథ తానే రాసి వెళ్ళారు. భిలాయి సెక్టార్లలో, కుమ్హారి బస్తీల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులారా, ఆ పుస్తకం సంపాదించండి, మీ పిల్లలకు చదివి వినిపించండి.