పోటూపాటూ ఎరిగినవాడు

ఫ్లోరిడాలోని బోకా గ్రాండే జలసంధిలో అద్దె పడవ కెప్టెన్‌కు మే, జూన్ నెలలే అసలు పంట. అమావాస్య, పౌర్ణముల దగ్గర పాటునీరు వడిగా సముద్రంలోకి లాగుతుంటే పీతలు కొట్టుకొస్తాయి. వాటి కోసం టార్పన్ చేపలు గుంపుకడతాయి. ఇవి పైకొచ్చి గాలి కూడా మింగుతాయి. ఆ వెండి ఒళ్లు తళుక్కుమనగానే కెప్టెన్ పడవను నీటివాలుకు వదులుతాడు. గాలం పట్టేది డబ్బిచ్చినవాడే; చేపను చూపేది ఈయన. మన సరంగుల విద్యే, కాకపోతే కూర కోసం కాదు. టార్పన్ నిండా ముళ్లు. 40 అంగుళాలు దాటినదాన్ని మామూలుగా నీళ్లలోంచి ఎత్తనే కూడదని అక్కడి నిబంధన.

నాకు నచ్చేది చివరి ఘట్టం. పోరాడి అలిసిన చేపను పడవ పక్కనే పట్టి, మొప్పల్లో నీరు ఆడేదాకా మెల్లగా నడిపించి వదులుతాడు. ఆ తర్వాతే మరో ఎర గుచ్చుతాడు.