రహీం ఏ పాఠంలో ఉన్నాడు?

నౌపడ ఉప్పుమడుల దగ్గరి బడైనా, హైదరాబాద్ పాతబస్తీలో బడైనా పొద్దున్నే పిల్లలు చెయ్యి చాపి చెప్పే ప్రతిజ్ఞ ఒకటే. అది పుట్టింది మా ఉత్తరాంధ్రలోనే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. ఆయనది నల్లగొండ జిల్లా. 1964లో బెంగుళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం తర్వాత అది దేశంలోని బడులన్నిటికీ వెళ్లింది. ఆ సమావేశానికి అధ్యక్షుడు కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా. ముస్లిం కుటుంబంలో పుట్టిన మహమ్మదలీ కరీం చాగ్లా.

ఈ సంగతి నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. మరి ఆ పాఠాల్లో ముస్లిం ఎక్కడున్నాడు? 'భిన్నత్వంలో ఏకత్వం'లో ఉన్నాడు. నెత్తిన టోపీ, ఒక పక్క రాము, ఇంకో పక్క డేవిడ్. లెక్కల్లో సరుకమ్మేది మాత్రం ఎప్పుడూ రామయ్యే. రహీం పండగనాడు కనిపిస్తాడు, పనిరోజుల్లో కనిపించడు. మతసామరస్యం బొమ్మకి కావాలి గానీ, ఊళ్లో మామూలు మనిషిగా అక్కర్లేదు.

ప్రతిజ్ఞలో ఏ మతం పేరూ లేదు. అందరినీ తోబుట్టువులంది. దాంతో నాకు పేచీ లేదు. పేచీ 'అర్హత' అన్న మాట దగ్గర. దేశ వారసత్వానికి అర్హత సంపాదించుకుంటామని పిల్లలందరూ చెప్తారు. అదే వరుసలో నిలబడ్డ తురకపిల్లాడికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది. క్రికెట్ మ్యాచ్ మర్నాడు 'మీవాళ్లు ఓడిపోయార్రా' అన్న మాట ఇంకా వాడి చెవిలోనే ఉంటుంది గనక. నాకూ అలాగే వినిపించింది. మా అబ్బా దీన్ని వఫాదారీ ఇమ్తిహాన్ అనేవారు. ఏటా రాయాలి, ఫలితాలు మాత్రం రావు.

ప్రతిజ్ఞ పిల్లలు దేశానికిచ్చే మాట. దేశం పిల్లలకిచ్చిన మాట రాజ్యాంగ పీఠికలో ఉంది. విశ్వాసానికీ ఆరాధనకీ స్వేచ్ఛ, హోదాలో సమానత్వం. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణ చెప్పింది. మొదటి మాటని రోజూ అప్పజెప్పిస్తున్నాం. రెండో మాటని పరీక్షల ముందు బట్టీ పట్టిస్తున్నాం.

మాకు దేశభక్తి నేర్పొద్దని అనడం లేదు. చాగ్లా పేరు పూర్తిగా రాయండి. టోపీ ఉన్నా లేకున్నా రహీంని లెక్కల పాఠంలోకి రానివ్వండి, నౌపడ ఉప్పు బస్తా ధర కట్టనివ్వండి. చెయ్యి చాపి మాటిచ్చిన పిల్లలకి, దేశం వాళ్లకిచ్చిన మాట కూడా అదే అసెంబ్లీలో చదివి వినిపించండి.