ఏది గట్టిది? – ఒక తప్పు ప్రశ్న

వజ్రాలకూ, బట్టలకూ పేరుపొందిన సూరత్ నగరంలో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన నేత కార్మికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరికి కాలు విరిగిందనుకోండి. ఆపరేషన్ అనగానే వినిపించే ప్రశ్న ఒకటే: “స్టీలు వేయించాలా, టైటానియమా? ఏది గట్టిది?” ఖరీదైనదే గట్టిదనీ, గట్టిదే మంచిదనీ నమ్మి అప్పు చేసేవారున్నారు. ఈ నమ్మకం ఎంతవరకు సరైనది?

ఆ ఊరి వజ్రాల పనివారినే అడగండి. సహజంగా దొరికే పదార్థాల్లో వజ్రం అత్యంత కఠినం. అయినా సరైన తలం వెంట దెబ్బ పడితే రెండుగా చీలిపోతుంది. గీత పడకపోవడం, విరగకపోవడం, వంగకపోవడం మూడు వేర్వేరు ధర్మాలు. మనం మూడింటినీ ‘గట్టి’ అనే ఒక్క మాటలో కలిపేస్తున్నాం.

మీరు చదువుకున్న యంగ్ గుణకాన్నే తీసుకోండి. ఎముక గట్టి పొరకు అది సుమారు 15–20 గిగాపాస్కల్‌లు. టైటానియం మిశ్రమానికి 110, 316ఎల్ స్టీలుకు 200కు దగ్గర, కోబాల్ట్–క్రోమియం మిశ్రమానికి 200 పైన. వీటిని పరీక్ష మార్కుల్లా చూడకూడదు. తన మీద పడే బరువును బట్టి ఎముక తనను తాను మలచుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. ఏమాత్రం వంగని లోహం బరువంతా తనే మోస్తే, పని లేని ఎముక క్రమంగా పలచబడుతుంది. అంటే ఇక్కడ టైటానియం గొప్పతనం స్టీలుకన్నా సులువుగా వంగడంలోనే ఉంది!

అలాగని టైటానియం అన్నిచోట్లా పనికిరాదు. రాపిడికి అది త్వరగా అరుగుతుంది. అందుకే కృత్రిమ మోకాలిలో జారే భాగానికి ఎక్కువగా కోబాల్ట్–క్రోమియం వాడి, ఎదురుగా పాలీఎథిలీన్ అమరుస్తారు. ఎముక అతికేదాకా ఉంచే ప్లేటుకు స్టీలు చాలాచోట్ల సరిపోతుంది. అయితే ‘తుప్పు పట్టని స్టీలు’ అన్న మాటనూ పూర్తిగా నమ్మకండి. దాన్ని కాపాడేది కొద్ది నానోమీటర్ల మందం గల క్రోమియం ఆక్సైడ్ పొర. మరకూ ప్లేటుకూ మధ్య ఇరుకులో ఆక్సిజన్ అందక ఆ పొర దెబ్బతింటే, శరీరంలోని ఉప్పు ద్రవం లోహాన్ని తింటుంది. దీన్ని తట్టుకోవడానికే 316ఎల్‌లో 2–3 శాతం మాలిబ్డినం కలుపుతారు.

2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ కృత్రిమ మోకాలికి గరిష్ఠ ధరలు నిర్ణయించింది: కోబాల్ట్–క్రోమియం రకం 54,720 రూపాయలు, టైటానియం లేదా ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకం 76,600 రూపాయలు, పన్ను అదనం. ధరలకు కళ్ళెం వేయడం మెచ్చదగ్గ పనే. కాని రాపిడిలో ఒకేలా ప్రవర్తించని రెండు లోహాలను ఒకే గాటన కట్టారు. పట్టిక చూసిన సామాన్యుడు పై ధరను పై తరగతి అనుకోడా?

లోహం పేరు ఒక్కటే చాలదనడానికి 2010 ఆగస్టు సాక్ష్యం. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డిప్యూ సంస్థ తన ఏ.ఎస్.ఆర్. తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కు పిలిచింది. వాటిలో కోబాల్ట్–క్రోమియం బంతి అదే మిశ్రమంతో చేసిన గిన్నెలో తిరిగేది. రాపిడికి రాలిన లోహకణాలు చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేశాయి. కోబాల్ట్, క్రోమియం అయాన్లు రక్తంలో చేరాయి. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో వీటిని వాడారు. పాలీఎథిలీన్ జతగా దశాబ్దాలు నమ్మకంగా పనిచేసిన లోహమే జత, ఆకారం మారేసరికి హాని చేసింది.

కాబట్టి మీ ఇంట్లో ఆ సందర్భం వస్తే డాక్టరును ఇలా అడగండి: ఇది ఎక్కడ ఉంటుంది? ఎంతకాలం ఉంటుంది? దేనితో రాసుకుంటుంది? తర్వాత తీసేస్తారా? రోగికి నికెల్ పడదని చెప్పడం మరవకండి, స్టీలులో అది ఉంటుంది. జవాబులు విన్నాక స్టీలు చాలని తేలితే, చవకది వేయించామని ఎవరూ కుమిలిపోనక్కరలేదు.