ఎర్ర చెల్కలో తిండి అడవి

గండిమైసమ్మ చౌరస్తా నుంచి నర్సాపూర్ దారి పట్టండి. వెంచర్ల బోర్డులు పలచబడి, కాసేపటికి అడవి మొదలవుతుంది. దానికి బోరు లేదు, యూరియా బస్తా లేదు. దారి పొడవునా ఫామ్‌ప్లాట్లలో మాత్రం ఎండాకాలం ట్యాంకర్ రాకపోతే మామిడి మొక్క నిలవదు. ఎర్ర నేల ఒకటే, ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వానా ఒకటే.

తేడా చెట్ల కింద ఉంది. రెండు వానలు పడ్డాక టేకు కింద ఆకులు పక్కకు జరిపి చూస్తే తెలుస్తుంది. పైన ఎండుటాకు, దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన తడి ఆకు, ఆ కింద తెల్లటి బూజు దారాలు అల్లుకున్న నల్లమట్టి. మనం ప్లాట్లలో ఊడ్చి తగలబెట్టేది ఈ మట్టినే.

అడవి పద్ధతిలో తోట పెంచడమంటే ఈ మట్టిని మనమే తయారుచేసుకోవడం. 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ ఈ ఆలోచనకు పర్మాకల్చర్ అని పేరు పెట్టారు. మాలిసన్ 1987లో మన దేశానికి వచ్చారు. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల ‘అరణ్య’ సంస్థ మెట్ట భూమిలో ఇలాంటి తోటను పెంచి చూపించింది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు కూడా హైదరాబాద్‌లోనే జరిగింది.

మొదటి పని నీళ్లది. వాలుకు అడ్డంగా కందకం తవ్వి, మట్టిని దిగువన గట్టుగా పోయాలి. ముప్పాతిక వాన నైరుతిలోనే కురుస్తుంది కాబట్టి, పారే నీరు అక్కడ ఆగి ఇంకాలి.

రెండోది పోషక మొక్కలు. గట్టు మీద గిరిపుష్పం కొమ్మలు నాటి, మధ్యలో కంది, జనుము చల్లాలి. ఇవి గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. గిరిపుష్పాన్ని నడుమెత్తున నరికి, ఆ రొట్టను పండ్ల మొక్కల పాదుల్లో పరవాలి. నరికిన కొద్దీ అది చిగురిస్తుంది.

ఆ తర్వాతే అంతస్తులు. పైన మామిడి, చింత, నేరేడు. వాటి మధ్య సీతాఫలం, ఉసిరి, జామ, మునగ. కింద కరివేపాకు, వంగ, మిరప. నీడపట్టున పసుపు, చామగడ్డ. నేలను కప్పడానికి గెణుసుగడ్డ. కంచె మీద చిక్కుడు, దొండ తీగలు. పోక, కోకో ఇక్కడికి తేవద్దు. అవి తడి నేలల పంటలు. మనకు నమూనా ఎండాకాలం ఆకు రాల్చే నర్సాపూర్ అడవే.

ఒకే పంటతో పోలిస్తే దిగుబడి తక్కువే. మార్కెట్‌కు లారీ లోడు పంపాలనుకునేవారికి ఇది పనికిరాదు. మొదటి మూడేళ్లు నీళ్లూ పెట్టాలి, కొమ్మలూ కత్తిరించాలి. కానీ మృగశిరకు నేరేడు, దసరాకు సీతాఫలం, కార్తీకానికి ఉసిరి, శివరాత్రి నాటికి చింతపండు, ఎండల్లో మామిడి చేతికొస్తాయి. ఒక పంట పోయినా ఇంకొకటి ఆదుకుంటుంది.

ఐదు గుంటల ప్లాటున్నా మొదలుపెట్టొచ్చు. నర్సరీకి వెళ్లేముందు కందకం తవ్వించండి. రాలిన ఆకుకు అగ్గిపెట్టకండి.