లజ్జ నైసర్గికమా? అభ్యస్తమా?

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళనిని గూర్చి వ్రాయుచు, ఆమె పాండిత్యమును, కవితామాధుర్యమును అంగీకరించియు, రాధికాసాంత్వనమునందలి పెక్కుభాగములు స్త్రీలు వినదగనివనియు, స్త్రీముఖమున వెలువడదగనివనియు ఆక్షేపించిరి. ఈ యాక్షేపణమునకు బెంగుళూరు నాగరత్నమ్మ తన 1910వ సంవత్సరపు ముద్రణపీఠికలో ప్రత్యుత్తరమొసగినది. సిగ్గనునది స్త్రీలకు మాత్రమే సహజమా, పురుషులకు గాదా యని యామె ప్రశ్న. దీనిని మనవారు శ్లీలాశ్లీలవివాదముగానే చదివిరి. నా యభిప్రాయమున నిది స్త్రీపురుషుల నడవడి పుట్టుకతో వచ్చునదా, పెంపకముచే నేర్పడునదా యను ప్రశ్నకు ద్వారము.

పంతులుగారి వాదమును సరిగా గ్రహింపవలెను. ముద్దుపళని వేశ్యాకులమున బుట్టినది గావున స్త్రీజనమునకు స్వాభావికమైన లజ్జ యామెకు లేకపోవుటలో వింత లేదని వారి యుపపత్తి. ఇందలి బాధక మిందే యున్నది. ఒక కులమున బుట్టి పెరిగినంతమాత్రమున తొలగిపోవు గుణము స్త్రీత్వమునకు స్వభావమెట్లగును? కులస్త్రీకిని గణికకును దేహధర్మ మొక్కటియే. భేదించినది వృత్తియు శిక్షణమును. తార్కికులు దీనిని విరుద్ధహేతువందురు: స్వభావమును సాధింప దెచ్చిన హేతువు శిక్షణమునే సాధించినది.

పంతులుగారిని స్త్రీద్వేషిగా జిత్రించుట మాత్ర మన్యాయము. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పినవారును, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినవారును వారే. స్త్రీల యజ్ఞానము సంఘకృతమని వారికంటె నెక్కువగా జాటినవా రా కాలమున నరుదు. అట్టివారు కావ్యవిచారమునకు వచ్చునప్పటికి లజ్జను ప్రకృతిలో జేర్చిరి. 1883లో వారే స్త్రీలకై సతీహితబోధినిని నడపిరి. హితబోధచే నేర్పవలసినది నైసర్గికమెట్లని యప్పు డెవరును వారి నడిగినట్లు లేదు!

ఇక కావ్యమును జూతము. ఇది తంజావూరి ప్రతాపసింహుని (1739–1763) కాలమున వెలసిన నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. రాధ తాను పెంచిన ఇళను శ్రీకృష్ణునకు తానే యిచ్చి పెండ్లిచేయును. ముగ్ధయగు వధువునకు భర్తకడ మెలగుతీరును, శ్రీకృష్ణునకు ఆ బాలయెడ జూపవలసిన మార్దవమును దానే యుపదేశించును. తరువాత విరహమును, ఈర్ష్యను భరింపలేక కుమిలిపోవును. తుదకు శ్రీకృష్ణుడే వచ్చి యామెను బ్రతిమాలి యూరడించును. ఇందు ఉపదేశవిషయమైనది నడవడి. పిలువకయే వచ్చినది ఈర్ష్య. పైగా ఉపదేశము వధువునకే కాదు, వరునకును గావలసివచ్చినది. ఈర్ష్య సహజమైనచో అది రాధ స్త్రీయగుటచే గలిగినదా, ప్రేమించుటచే గలిగినదా? ప్రాధేయపడు శ్రీకృష్ణుని జూచినపుడు రెండవదియే యనిపించును. స్వభావమునకును శిక్షణమునకును నడుమనున్న గీటును విమర్శకులకంటె కవయిత్రి నిదానముగా గీచినది.

ముద్దుపళని పుట్టినది సుమారు 1730 అందురు. తరిగొండ వెంగమాంబయు నించుమించుగా నప్పుడే జన్మించినది. ఒకతె రాజాస్థానమున సంగీతసాహిత్యముల నడుమ బెరిగిన గణిక. వేరొకతె చిన్ననాడే వితంతువై తిరుమల జేరిన భక్తురాలు. ఆమె కృతులు వేంకటాచలమాహాత్మ్యము, వాసిష్ఠరామాయణము, రాజయోగామృతసారము. ఒకే తరము, ఒకే భాష, ఇద్దరును స్త్రీలు. కాని యొక కృతిలోని స్త్రీస్వభావమును బట్టి రెండవకృతి నూహింపవీలులేదు. అట్లని వెంగమాంబ శృంగారమును ముట్టలేదనుకొనరాదు. కృష్ణకథ నామె యక్షగానములుగను రచించినది. స్త్రీస్వభావమను కొలబద్దకంటె వారి బ్రతుకులు, గురువులు, శ్రోతలు ఈ భేదమును జక్కగా వివరింపగలవు.

ఆలంకారికులు లజ్జను స్వభావమునందే చేర్చిరిగదా యని కొంద రనవచ్చును. నిజమే. భరతుడు స్త్రీల కలంకారములుగా జెప్పిన స్వభావజములు పదింటిలో విహృత మొకటి: పలుకవలసినవేళ సిగ్గుచే బలుకకుండుట. కాని ఆ భరతుని గ్రంథము నటశిక్షణకై పుట్టినది. కూచిపూడి భాగవతులలో తరతరములుగ పురుషులే సత్యభామవేషము గట్టిరి. వేదాంతము సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ వేషమున నభినయించినపుడు చూపరులు పురుషుని మరచిరి. శాస్త్రము స్వభావజమనిన విలాసము పురుషదేహమున నభ్యాసముచే నెలకొన్నది.

శరీరమునకు బాత్రయే లేదని నేననను. గర్భధారణము, స్తన్యదానము, దేహబలమునందలి తారతమ్యము కల్పితములు గావు; శరీరమున బుట్టు స్రావములు మనోవృత్తులను గదలించునని నేటి శాస్త్రజ్ఞులు చూపుచున్నారు. స్త్రీపురుషులభేద మంతయు బెంపకమే యనువారు రాధ యీర్ష్యను జూచియు జూడనివారు. కాని గర్భాశయము గలదనుటకును, ఈ పద్యము వ్రాయరాదనుటకును నడుమ నే వ్యాప్తియు గానరాదు. ఆ వ్యాప్తిని జూపవలసిన భారము స్వభావవాదులదే.

1911లో ప్రభుత్వము రాధికాసాంత్వనమును నిషేధించి ప్రతులను స్వాధీనపరచుకొన్నది. ఆ వ్యవహారమున వావిళ్లవారు ముద్రించిన పురుషకవుల శృంగారకావ్యములును జిక్కుకొన్నవి. దొరతనమువారికి గ్రంథములోని శృంగారమే దోషము, వ్రాసినది స్త్రీయా పురుషుడా యనునది కాదు. ఆ భేదము మన విమర్శకులు కల్పించినది. 1947లో నిషేధము తొలగినది, 1952లో గ్రంథము మరల వెలువడినది. పంతులుగారి యుపపత్తిని మాత్రము మన సాహిత్యచరిత్రకారులలో బలువురు నేటికిని బరీక్షింపకయే యెత్తి వ్రాయుచున్నారు.