పాదసూచికలో చేర్చబడినవారు: జర్మన్ విద్యావిషయక రచనలో లింగసమభాష

జర్మన్ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలలో చాలాకాలంగా ఒక పాదసూచిక కనిపిస్తూ వచ్చింది. చదవడానికి సౌలభ్యంగా ఉండేందుకు ఇందులో పుంలింగ రూపాలను మాత్రమే వాడుతున్నామనీ, స్త్రీలు కూడా అందులో చేరినట్లే గ్రహించాలనీ దాని సారాంశం. లింగసమభాషపై వాదమంతా పదం మధ్యలో పెట్టే నక్షత్ర చిహ్నం గురించే అన్నట్లు ఇటీవలి చర్చ సాగుతున్నది. కాని అసలు సమస్య ఈ పాదసూచికలోనే ఉన్నదని నా అభిప్రాయం. పుంలింగం నిజంగా అందరినీ బోధిస్తే ఆ సంగతిని విడిగా చెప్పవలసిన పని ఏమిటి?

జర్మన్‌లో విద్యార్థి ‘ష్టుడెంట్’, విద్యార్థిని ‘ష్టుడెంటిన్’. స్త్రీల బృందంలో ఒక్క పురుషుడు చేరినా సంప్రదాయ వ్యాకరణం ప్రకారం బహువచనం పుంలింగమే అవుతుంది. 1978లో ‘లింగ్విస్టిషె బెరిష్టె’ పత్రికలో జెంటా ట్రోమెల్-ప్లోట్స్ ఈ వాడుకను ప్రశ్నించారు. మరుసటి ఏడాది అదే పత్రికలో హార్ట్‌విగ్ కాల్వర్‌కెంపర్ ప్రతివాదం చేశారు. వ్యాకరణ లింగం వేరు, జీవలింగం వేరు. సామాన్యార్థంలో వాడినప్పుడు పుంలింగం తన ప్రత్యేకార్థాన్ని కోల్పోతుందని ఆయన వాదం. నిర్మాణవాద దృష్టితో చూస్తే ఇది బలహీనమైన వాదం కాదు. అయితే అది భాషావ్యవస్థకు జవాబు చెప్పిందే గాని, చదివేవారి మనసులో ఏ రూపం మెదులుతుందన్న ప్రశ్నను ముట్టలేదు. ఆ ప్రశ్నకు ప్రయోగాలు తరువాత వచ్చాయి. 2001లో డాగ్మార్ ష్టాల్‌బర్గ్ బృందం ఇష్టమైన ప్రముఖుల పేర్లు అడిగినప్పుడు, ప్రశ్న పుంలింగంలో ఉంటే స్త్రీల పేర్లు తక్కువగా వచ్చాయి. 2008లో పాస్కల్ గిగాక్స్ బృందం జర్మన్, ఫ్రెంచ్ పాఠకులు పుంలింగ బహువచనాన్ని పురుషులుగానే గ్రహించే మొగ్గు చూపుతారని తేల్చింది. విడి వాక్యాలపై వచ్చిన ఈ ఫలితాలను సుదీర్ఘ శాస్త్రగ్రంథానికి నేరుగా అన్వయించడంలో కొంత జాగ్రత్త అవసరమే.

లూయిజె పుష్ 1984లో ప్రచురించిన ‘దస్ డాయిచె ఆల్స్ మెన్నర్‌ష్ప్రాఖె’ వ్యాస సంపుటి (శీర్షికకు ‘పురుషభాషగా జర్మన్’ అని అర్థం) ఈ వాదానికి వ్యంగ్యపు పదును తెచ్చింది. స్త్రీ ప్రత్యయాన్నే తొలగించి, స్త్రీకి స్త్రీలింగ ఉపపదం, పురుషుడికి పుంలింగ ఉపపదం, సామాన్యార్థానికి నపుంసకలింగ ఉపపదం వాడాలన్న ఆమె ప్రతిపాదన వాడుకలో నిలవలేదు. అయినా వ్యాకరణం దృష్ట్యా అన్నింటికంటే పొందికైన పరిష్కారం అదేనని నాకనిపిస్తుంది.

2013లో లైప్‌త్సిగ్ విశ్వవిద్యాలయం తన మూల నియమావళిలో స్త్రీలింగ రూపాలనే వాడి, అవి పురుషులకూ వర్తిస్తాయని పాదసూచికలో పేర్కొన్నది. అంటే పాత పాదసూచికనే తిరగవేసింది. ఇకపై పురుష ఆచార్యులను కూడా స్త్రీలింగంలో సంబోధించాలట అని కొన్ని పత్రికలు తప్పుగా రాశాయి. దశాబ్దాలపాటు స్త్రీలకు సహజమని చెప్పిన ‘చేర్పు’ పురుషులకు వర్తించగానే హాస్యాస్పదమైంది. ఏ ప్రయోగమూ ఇంత స్పష్టంగా చూపలేదు.

2018 చివర జర్మన్ చట్టం మూడవ లింగ నమోదును అనుమతించడంతో స్త్రీ, పురుష జంట రూపాలూ చాలవన్న వాదం, దానితో నక్షత్ర చిహ్నం బలపడ్డాయి. 2023లో జర్మన్ వర్ణక్రమ మండలి ఇటువంటి చిహ్నాలను వర్ణక్రమంలోని ప్రధానాంశంగా గుర్తించలేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి బవేరియా ప్రభుత్వం అధికారిక రచనలో వాటిని నిషేధించింది. వాడుక ఇంకా స్థిరపడకముందే ఆజ్ఞతో ఆపడం పండిత చర్చకు మేలు చేయదు.

చాలామంది ‘ష్టుడియెరెండె’ (చదువుతున్నవారు) వంటి కృదంత బహువచనాన్ని ఆశ్రయిస్తున్నారు. అయితే ఏకవచనం రాగానే ఉపపదంలో లింగం తిరిగి వస్తుంది. తెలుగు పరిశోధకులకు ఈ ఇబ్బంది కొత్త కాదు. మన ఏకవచనంలో స్త్రీవాచకం అమహత్తుతో చేరి ‘వచ్చింది’ అవుతుంది. బహువచనంలో మహత్తుతో కలిసి ‘వచ్చారు’ అవుతుంది. మనకూ బహువచనమే ఆశ్రయం. నా సిద్ధాంత గ్రంథపు చిత్తుప్రతిలో నన్ను ‘పరిశోధకురాలు’ అని రాసుకున్న పేజీలలోనే ‘పాఠకుడు గ్రహిస్తాడు’ అనీ రాశాను. దిద్దేటప్పుడు చాలాచోట్ల ‘పాఠకులు’ సరిపోయింది. ఒకచోట ఏకవచనం తప్పలేదు. ‘చదివే వ్యక్తి’ అని మార్చి చూస్తే, క్రియ దగ్గర చేయి మళ్ళీ ‘గ్రహిస్తాడు’ అనే రాసింది.