ఇసుర్రాయి ఎవరు తిప్పాలి?

కందులు చేను నుంచి ఇంటికొచ్చినంత మాత్రాన పప్పు కావు. జహీరాబాద్ చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో మా చిన్నప్పుడు ఆ పని రోజుల తరబడి సాగేది. ముందు కందులు నానబెట్టేవారు. నీళ్లు వంచేసి, ఎర్రమన్ను కలిపి, గింజగింజకూ పట్టేలా రుద్దేవారు. రాత్రంతా కుప్పగా ఉంచి, మర్నాటి నుంచి ఎండకు ఆరబోసేవారు. మన్ను పొడిబారాక జల్లించి ఇసుర్రాయిలో పోస్తే గింజ రెండు బద్దలై పొట్టు ఊడేది. చాటలో చెరిగితే పప్పు ఒకపక్క, నూక ఒకపక్క, పొట్టు బర్రె కుడితికి. ఊడని గింజలకు మళ్లీ ఎండ, మళ్లీ రాయి. నాయనమ్మ విసురుతుంటే ఆ పిడి రెండోవైపు అమ్మ చెయ్యి ఉండేది. మగవాళ్ల చెయ్యి ఆ పిడి మీద పడగా నేను చూడలేదు.

ఇంటి పంట తిని పెరిగాం అని మా తరం గర్వంగా చెప్పుకుంటుంది. నేనూ చెప్పుకుంటాను. కానీ ఆ తిండిని ఏ మార్పూ లేకుండా చేను నుంచి నేరుగా కంచంలోకి వచ్చినట్టు వర్ణిస్తుంటే నాకు బాధేస్తుంది. నానబెట్టడం, దంచడం, విసరడం, పులియబెట్టడం, ఎండబెట్టడం, ఊరేయడం ఇవన్నీ తిండిని మార్చే పనులే. ఫ్యాక్టరీలో జరిగేదీ మార్చడమే. అయితే ఆ మార్పు దేనికోసం అన్నచోట రెండు దారులు వేరవుతాయి.

జొన్ననే చూడండి. గింజగా ఉంటే పాతరలోనో గుమ్మిలోనో ఏడాదిపాటు చెక్కుచెదరదు. పిండి పట్టిస్తే కొన్ని వారాలకే చేదెక్కుతుంది, ఎందుకంటే మొలకెత్తే భాగంలో ఉన్న నూనె గాలి తగిలి పాడవుతుంది. అందుకే మా ఇళ్లలో గింజనే నిల్వ చేసి, కావలసినంత మాత్రం గిర్నికి పంపేవారు. గిర్ని దగ్గర తలమీద గంపతో నిలబడటం మా పిల్లల వంతు. ఫ్యాక్టరీకి ఈ లెక్క కుదరదు. సరుకు లారీ ఎక్కాలి, గోదాములో పడి ఉండాలి, నెలల తరబడి దుకాణంలో వేలాడాలి. కాబట్టి గోధుమలోంచి తవుడూ మొలకా తీసేసి మైదా చేస్తారు. పోయిన రుచి కోసం పంచదార, ఉప్పు, పామాయిల్ చేరతాయి. నీరూ నూనే విడిపోకుండా ఎమల్సిఫైయర్లు వేస్తారు. బిస్కెట్ ప్యాకెట్ వెనక 322, 471, 503 అని కనిపించే అంకెలు ఈ సర్దుబాట్ల జాబితాయే. వాటిలో ప్రతిదీ విషమని నేననను. 322 అంటే లెసిథిన్, సాధారణంగా సోయా నుంచి తీస్తారు. నా అభ్యంతరం వేరు. ఆ వంటలో మొదటి స్థానం తినే మనిషిది కాదు, నిల్వ గడువుది.

శరీరం దీన్ని ఎలా తీసుకుంటుందో 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చూపించింది. 20 మందిని పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానం. ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టం. ప్యాకెట్ తిండి తిన్న రోజుల్లో మనిషికి రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు ఒక కిలో బరువు పెరిగారు, తొందర తొందరగా తిన్నారు. చివరి మాట చదివినప్పుడు నాకు జొన్నరొట్టే గుర్తొచ్చింది. దాన్ని నమలక తప్పదు. పుండికూరలో అద్దుకుని రెండు రొట్టెలు తినేసరికి కడుపు చాలంటుంది, దవడా చాలంటుంది.

ఇంతవరకూ చెప్పి ఆపితే సగం నిజమే చెప్పినట్టు. ఆ తిండి అందరికీ ఒకేలా అందలేదు. మా చేలో పనికొచ్చేవాళ్లకు కూలి కింద జొన్నలు కొలిచేవారు. పప్పు కొలిచిన ఇల్లు నాకు తెలియదు. గటకా కారమూ, చేనిగట్టు మీద దొరికితే ఇంత గంగవాయిలి కూర. అంతే వాళ్ల రోజు. హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్న చోట సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దక్కన్ పేద కూలీల్లో పెల్లగ్రా జబ్బును అధ్యయనం చేశారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. రోజంతా జొన్న తప్ప ఇంకేమీ దొరకని వాళ్లకు వచ్చేది. జొన్న పక్కన పప్పూ కూరా పాలూ ఉన్న ఇళ్లలో అదే జొన్న బలం. చేలో జొన్నతోపాటు కంది, పెసర, అనుము, బొబ్బర, నువ్వు, కుసుమ కలిపి చల్లిన పెద్దల తెలివిని మెచ్చుకోవాల్సిందే. భూమి లేనివాడి కంచానికి ఆ కలగలుపు చేరలేదని కూడా ఒప్పుకోవాలి.

అందుకే 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు కూలి ఇళ్లలో పండగైంది. తెల్లన్నం అంతవరకూ పండగనాటి తిండి. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అయితే జొన్న అడిగేవాళ్లు తగ్గారు, మెట్టచేలు బీడుపడ్డాయి, బీడుతో పాటే ఆ కలగలుపు విత్తనాలూ గుమ్మిల్లోంచి మాయమయ్యాయి. సరిగ్గా ఆ 1983లోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. 1990ల నడుమ వాళ్లు చేసిన పని నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. బీడు భూముల సాగుకు అప్పిచ్చారు, ఆ అప్పును జొన్నల రూపంలోనే తిరిగి తీసుకున్నారు, ఆ జొన్నలను ఊళ్లోని అతిపేద ఇళ్లకు తక్కువ ధరకు కొలిచారు. ఎవరు అతిపేదలో ఊరే కూర్చుని తేల్చింది. ఒకప్పుడు కూలిగా గింజలు కొలిపించుకున్న చేతులే ఇప్పుడు కొలిచాయి. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలతో సాగే పాత పంటల జాతర చూస్తే ఆ ఆడవాళ్ల నడకలోనే తేడా తెలుస్తుంది.

2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లో అతిగా ప్రాసెస్ చేసిన తిండి తగ్గించమనీ, ప్యాకెట్ మీది లేబుల్ చదవమనీ ఉంది. మంచి సలహాలే. కానీ ఉదయం ఆరుకే వంట ముగించి, బస్సు పట్టుకుని, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే ఆడమనిషికి లేబుల్ చదవమని చెప్పి వదిలేస్తే ఏం లాభం? ఆమె నూడుల్స్ ప్యాకెట్ చింపేది రుచికి లొంగి కాదు, చేతులు ఖాళీ లేక. ఆ ప్యాకెట్ మీద రెండు నిమిషాలు అని ఉంటుంది, కందులకు ఎర్రమన్ను పట్టించడానికే పూటంతా పడుతుంది. నాయనమ్మ నడుము ఎలా వంగిపోయిందో చూసినవాణ్ని, ఆ ఇసుర్రాయి దగ్గరికి మళ్లీ ఆడవాళ్లనే పొమ్మని రాయలేను.

రాయి పోయింది, పోనివ్వండి. ఊరికో చిన్న పప్పు మిల్లు ఉంటే చాలు. మైసూరులోని ఆహార సాంకేతిక సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ, చిన్న పప్పు మిల్లు ఎప్పుడో తయారుచేసింది. కందులు పండిన ఊళ్లోనే పప్పు పడితే నూకా పొట్టూ అక్కడి పశువులకే దక్కుతాయి, నాలుగు డబ్బులూ అక్కడే మిగులుతాయి. రేషన్ దుకాణంలో బియ్యం పక్కన జొన్నలూ, వాటితోపాటు తప్పకుండా కందిపప్పూ ఉండాలి. ప్రభుత్వ హాస్టల్ పిల్లలకు వారంలో కొన్ని పూటలైనా రొట్టె పెట్టాలి, దాన్ని కొట్టే మనుషులకు సరైన జీతం ఇవ్వాలి.

ఇక ఇంట్లో పని. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. నీళ్లు సలసల మరిగినప్పుడే పిండి పోయాలి, ఆ వేడికి పిండి జిగురెక్కుతుంది. చెయ్యి పట్టగలిగినంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా మర్దించాలి. ముద్దను పొడిపిండి మీద తిప్పుతూ చేత్తో కొట్టాలి, పెనం మీద వేశాక పైన తడిచెయ్యి తిప్పి, ఆ తడి ఆరకముందే తిరగెయ్యాలి. మా ఇంట్లో ఇది నేనూ మా అబ్బాయీ చేస్తాం. వాడి రొట్టెలు అంచుల దగ్గర ఇంకా పగులుతున్నాయి, మర్దించడం చాలట్లేదని వాళ్లమ్మ కుర్చీలోంచి లేవకుండానే చెబుతుంది.